నడుం నొప్పికి పిలాటిస్: రెండున్నరేళ్లు చేశాక చెబుతున్న మాట

బెంగళూరు మారతహళ్లిలో మా ఇంట్లో ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ ఎత్తి డిస్పెన్సర్ మీద బోర్లించబోతుంటే నడుం పట్టేసింది. మా ఆయన వచ్చి క్యాన్ అందుకునేదాకా వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను. ఎమ్మారైలో ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుంలో నాలుగో, ఐదో వెన్నుపూసల మధ్య, మెత్తలా ఉండే డిస్క్ కొంచెం ఉబ్బిందని తేలింది. ఆ కాగితం చూసి రెండు రాత్రులు నిద్రపోలేదు. నొప్పే లేనివాళ్లలో కూడా ఇలాంటి ఉబ్బు చాలామందికి కనిపిస్తుందని, ఆపరేషన్ అక్కర్లేదని డాక్టర్ చెప్పాకే టెన్షన్ తగ్గింది. ఆరు వారాల ఫిజియోథెరపీ అయ్యాక, మ్యాట్ మీద పిలాటిస్ (ఊపిరితో పాటు పొట్ట, నడుం కండరాలను అదుపు చేస్తూ మెల్లగా చేసే వ్యాయామం) మొదలుపెట్టమన్నది ఫిజియోనే.

మొదటి నెల నాకు నచ్చలేదు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించి ఊపిరి తీసుకోవడం. పక్కటెముకలు పక్కలకు విచ్చుకునేలా గాలి పీల్చాలి. వదిలేటప్పుడు పొత్తికడుపును వెన్ను వైపు మెల్లగా లాక్కోవాలి. నడుం కింద సహజంగా ఉండే చిన్న వంపు చెదరకూడదు. ఆ వంపు అలాగే ఉంచి ఒక కాలు జానెడు ఎత్తాలి. చెమట కూడా పట్టదు. ఇంత డబ్బు పోసి చేయాల్సిన వ్యాయామం ఇదా అనిపించింది.

మా టీచర్ కన్నడ ఆవిడ. ప్రతి కదలికకూ 'నిధాన, నిధాన' అనేవారు. మన నిదానమే అది. ఈ పద్ధతిని తయారుచేసిన జోసెఫ్ పిలాటిస్ జర్మనీలో 1883లో పుట్టాడు. దీనికి ఆయన పెట్టుకున్న పేరు 'కంట్రాలజీ'. ఎన్నిసార్లు చేశామన్నది కాదు, ఎంత అదుపుతో చేశామన్నదే లెక్క అని ఆవిడ ఆ పేరు చెప్పి మరీ గుర్తుచేసేవారు. నాకు విషయం అర్థమైంది మాత్రం మా అమ్మ మాటతో. ఫోన్‌లో నొప్పి సంగతి చెబితే, "కాన్పప్పుడు నడికట్టు సరిగా కట్టించుకోకపోతివి" అంది. కాన్పుకీ ఈ నొప్పికీ సంబంధం ఉందో లేదో పక్కన పెడితే, ఆ పోలిక సరిపోయింది. పొత్తికడుపు లోపలి పొరలో నడుం చుట్టూ పట్టీలా తిరిగే కండరం ఒకటి ఉంది, ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్ అంటారు. ఊపిరి వదులుతూ మనం బిగించేది ముఖ్యంగా దాన్నే. బయటి గుడ్డ కాదు, లోపలి నడికట్టు. అది మనసుకెక్కాక మూడో నెలలో తేడా తెలిసింది. సిల్క్ బోర్డు దగ్గర బస్సు గంటసేపు కదలకపోయినా సీట్లో అటూ ఇటూ జరగకుండా కూర్చోగలిగాను.

ఒక తప్పు కూడా చేశాను. ఎనిమిదో నెలలో తొందరపడి రిఫార్మర్ గ్రూప్ క్లాసులో చేరాను. రిఫార్మర్ అంటే స్ప్రింగుల మీద ముందుకీ వెనక్కీ జరిగే పలక ఉన్న మంచం లాంటి యంత్రం. పన్నెండు మందిమి, పెద్ద పాటలు, నా నొప్పి గురించి ఎవరూ అడగలేదు. వెన్ను గుండ్రంగా వంచి లేచే రోల్ అప్‌లు వరసగా చేయించారు. ఆ రాత్రి ఎడమ కాలి పిక్క దాకా జివ్వుమని లాగింది. వారం రోజులు సెలవు పెట్టాను. యంత్రం తప్పేం లేదు. తర్వాత ఫిజియో పక్కనుండి అదే రిఫార్మర్ మీద పడుకోబెట్టి కాళ్లతో తోయిస్తే హాయిగా చేశాను. డిస్క్ సమస్య ఉన్నవాళ్లు మొదటి క్లాసుకు ముందే ఏ కదలికలు వద్దో డాక్టర్‌నో ఫిజియోనో అడిగి తెలుసుకోండి. మీ రిపోర్టు చూడకుండా చేర్చుకునే చోట చేరకండి.

ఇక డబ్బు. గ్రూప్ మ్యాట్ క్లాసుకే నెలకు నాలుగు వేలు కట్టాను, విడిగా నేర్పించుకుంటే దానికి రెండు మూడింతలు. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ అనే సంస్థ 2015లో ఇచ్చిన సమీక్ష పది అధ్యయనాలను, 510 మందిని కలిపి చూసింది. ఏమీ చేయకపోవడం, లేదా నామమాత్రపు చికిత్స కన్నా పిలాటిస్‌తో నొప్పి తగ్గుతుందని, మిగతా వ్యాయామాల కన్నా ఇదే మేలని గట్టిగా చెప్పలేమని తేల్చింది. నా అనుభవమూ అంతే. నడకతోనో యోగాతోనో మీకు తగ్గుతుంటే దీనికోసం అప్పు చేయనవసరం లేదు. నాకు ఇది కుదిరింది, ఎందుకంటే తొందరగా కదలడమే నా జబ్బు. మూత్రం అదుపు తప్పినా, కాలు బలహీనపడినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా మాత్రం క్లాసుకు కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

నొప్పి పూర్తిగా పోలేదు. డిసెంబరు ఉదయాల్లో నడుం బిగుసుకునే ఉంటుంది. ఈ రెండున్నరేళ్లలో మరో రెండుసార్లు పట్టేసింది. కానీ అప్పట్లో మూడు వారాలు పట్టింది ఇప్పుడు నాలుగు రోజుల్లో సర్దుకుంటోంది. స్టూడియో మానేసి ఏడాదైంది. పొద్దున్నే ఇంట్లోనే ఇరవై నిమిషాలు చేస్తాను. పోయిన నెల నుంచి ఫిజియో బరువులు ఎత్తడం నేర్పుతున్నారు. మోకాళ్లు, తుంట్లు వంచి, ఊపిరి వదులుతూ ఐదు కిలోల బియ్యం సంచి ఎత్తుతున్నాను. ఇంకో రెండు వారాలు చూసి పది కిలోలు ఇస్తామన్నారు.