“రెండు రోజుల బ్యాటరీ” చూసి ఫోన్ కొంటున్నారా? రిటర్న్ గడువులోపే మెయిల్ సంగతి తేల్చుకోండి

కొత్త ఫోన్ కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు, ముఖ్యంగా ఉద్యోగం కోసమో పని కోసమో మెయిల్ మీద ఆధారపడేవాళ్లు, దయచేసి ఇది చివరిదాకా చదవండి. నాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదనే రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇది ఒక్క కంపెనీతో పోయే సంగతి కాదు, ఇదే పద్ధతి చాలా ఫోన్లలో ఉంది.

నా పాత ఫోన్ బ్యాటరీ బాగా అరిగిపోయింది. మధ్యాహ్నానికే ఛార్జర్ వెతుక్కోవాల్సి వచ్చేది. అందుకని ఈసారి కెమెరా, స్క్రీన్ లాంటివేవీ పట్టించుకోకుండా బ్యాటరీ ఒక్కటే చూసి కొన్నాను. పెట్టె మీద రెండు రోజులు వస్తుందని ఉంది. అమ్మినవాళ్లూ అదే చెప్పారు. ఆ మాట అబద్ధమూ కాలేదు. మొదట్లో నిజంగానే రెండు రోజులు వచ్చింది. ఒకరోజు పడుకునేముందు 61 శాతం ఉంటే, పొద్దున లేచి చూస్తే 60. రాత్రంతా కలిపి ఒక్క శాతం! ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. రాత్రంతా ఆ ఫోన్ అసలు ఏ పనీ చేయలేదన్న ఆలోచన నాకు రాలేదు.

రిటర్న్ గడువు దాటిన నాలుగో రోజున దెబ్బ తగిలింది. ఒక ఉద్యోగానికి రెండు రౌండ్లు పూర్తయి, చివరి ఇంటర్వ్యూ కోసం ఎదురుచూస్తున్నాను. “ఇంటర్వ్యూ సమయం మారింది, మీకు వీలవుతుందో లేదో ఈ రోజు 6 గంటల్లోపు తెలియజేయండి” అని మధ్యాహ్నం 2:14కి వాళ్లు మెయిల్ పంపారు. ఫోన్ నా పక్కనే టేబుల్ మీద ఉంది. మోగలేదు. రాత్రి 9:40కి వేరే పని మీద మెయిల్ యాప్ తెరిచాను. తెరవగానే పదిహేడు మెయిల్స్ ఒకేసారి వచ్చి పడ్డాయి. వాటిలో ఐదోది అది. అప్పటికప్పుడు జవాబు రాశాను, మర్నాడు ఫోన్ కూడా చేశాను. ఆ స్లాట్ వేరేవాళ్లకి ఇచ్చేశామన్నారు. వాళ్లను తప్పుపట్టడానికేమీ లేదు. చెప్పాల్సిన టైముకి వాళ్లు చెప్పారు, నా ఫోనే నాకు చెప్పలేదు.

తర్వాత కూర్చుని సెట్టింగ్స్ అన్నీ వెతికితే విషయం బయటపడింది. స్క్రీన్ ఆరిన కాసేపటికే ఈ ఫోన్ మెయిల్ యాప్‌ను నిద్రపుచ్చేస్తోంది. మళ్లీ నేను చేత్తో తెరిచేదాకా అది లేవదు. పెట్టె మీది రెండు రోజుల్లో కొంత భాగం ఇలా మిగిల్చినదే.

ఇది ఎలా జరుగుతుందో కొంచెం తెలుసుకోవాలి, లేకపోతే ఎక్కడ చూడాలో అర్థం కాదు. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి డోజ్ అనే ఏర్పాటు ఉంది. ఫోన్ ఛార్జింగ్‌లో లేకుండా, కదలకుండా, స్క్రీన్ ఆరి ఉంటే యాప్‌ల నెట్‌వర్క్ పనులన్నీ ఆపేస్తుంది. మధ్యమధ్యలో కాసేపు తలుపు తీసి, ఆగిన పనులు చేసుకోమంటుంది. ఫోన్ ఎంత ఎక్కువసేపు కదలకుండా ఉంటే ఆ తలుపు తీయడం అంత ఆలస్యమవుతుంది. ఇదంతా గూగుల్ పెట్టిన పద్ధతి, ఇందులో తప్పేమీ లేదు. అత్యవసర నోటిఫికేషన్లకి విడిగా ఒక దారి కూడా ఉంచారు. చిక్కు ఎక్కడంటే, కొంతమంది ఫోన్ తయారీదారులు దీని మీద తమ సొంత నియంత్రణ ఇంకొకటి వేస్తారు. కొన్నిరోజులు తెరవని యాప్‌ను పూర్తిగా ఆపేయడం, రీసెంట్స్ (ఇటీవల తెరిచిన యాప్‌ల జాబితా) లోంచి పక్కకి తోస్తే నోటిఫికేషన్లు కూడా రాకుండా చేయడం లాంటివి ఇలా వచ్చినవే. కొనేటప్పుడు ఎవరూ ఈ మాట చెప్పరు. పెట్టె మీదా రాయరు.

ఇంటర్వ్యూ పోయిన కోపంలో నేను రెండో తప్పు చేశాను. మెయిల్ యాప్‌కి బ్యాటరీ సెట్టింగ్‌లో అన్‌రిస్ట్రిక్టెడ్ (అంటే వెనకాల నడవడానికి అడ్డు లేకుండా) పెట్టేసి, నాకున్న మూడు అకౌంట్లకీ సింక్ సమయం, అంటే కొత్త మెయిల్ ఉందా అని ఫోన్ వెళ్లి అడిగే వ్యవధి, 5 నిమిషాలకి మార్చేశాను. ఇక ఏ మెయిలూ తప్పిపోదని ధైర్యంగా బయటికి వెళ్లాను. సాయంత్రం నాలుగింటికి ఫోన్ 18 శాతానికి పడిపోయింది. జేబులో వెచ్చగా కూడా ఉంది.

లెక్క వేసి చూస్తే ఆశ్చర్యం లేదు. ప్రతి 5 నిమిషాలకంటే రోజుకి 288 సార్లు. మూడు అకౌంట్లకి 864 సార్లు. మెయిల్ కొత్తగా వచ్చినా రాకపోయినా ఇన్నిసార్లు అడిగి రావాల్సిందే. పైగా ఖర్చంతా మెయిల్ తెచ్చుకోవడంలోనే లేదు. మొబైల్ డేటా మీద ఉన్నప్పుడు ఫోన్ రేడియో, అంటే టవర్‌తో మాట్లాడే భాగం, ఒక్కసారి మేల్కొంటే, పని అయిపోయాక కూడా ఇంకేమైనా వస్తుందేమోనని కొన్ని సెకన్ల పాటు మెలకువగానే ఉంటుంది. ఉదాహరణకి అది 10 సెకన్లు అనుకోండి. మూడు అకౌంట్లూ వేరువేరు నిమిషాల్లో సింక్ అయితే 864 సార్లకి 8,640 సెకన్లు, అంటే 2 గంటల 24 నిమిషాలు. ఖాళీ ఇన్‌బాక్స్ చూసి రావడానికి రేడియో అంతసేపు మెలకువగా కూర్చుంటుందన్నమాట. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఇంకా ఎక్కువ శక్తి తీసుకుంటుంది. వైఫై మీద ఈ భారం చాలా తక్కువ. అందుకే ఇంట్లో ఉన్నప్పుడు నాకు తేడా తెలియలేదు, బయటికి వెళ్లిన రోజే తెలిసింది.

సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. అరగంట కూర్చోబెట్టి, టెస్ట్ చేసి, “బ్యాటరీ నార్మల్‌గానే ఉంది మేడమ్, మీ వాడకం ఎక్కువ” అన్నారు. బ్యాటరీ నార్మల్ అన్నది నిజమే. కానీ మెయిల్స్ ఎందుకు రావడం లేదని అడిగితే, అది యాప్ సమస్య, తమకి సంబంధం లేదన్నారు. యాప్ కూడా ఫోన్‌తో పాటు మీరు ఇచ్చిందే కదా అని అడిగాను. జవాబు లేదు. రిటర్న్ గురించి అడిగితే గడువు అయిపోయిందన్నారు. అక్కడే ఉన్న ఒకతను బ్యాటరీ సేవర్ యాప్ ఒకటి వేసుకోమని సలహా ఇచ్చాడు.

ఆ సలహా విన్నాను. మీరు మాత్రం వినకండి. ఇలాంటి యాప్‌లు చేసేదల్లా వెనకాల నడుస్తున్నవాటిని బలవంతంగా మూసేయడం. మూసిన యాప్ కాసేపటికి మళ్లీ మొదటినుంచి లేస్తుంది, అలా లేవడానికే బ్యాటరీ ఖర్చు. ఈలోగా ఆ సేవర్ యాప్ కూడా నిరంతరం నడుస్తూనే ఉంటుంది. ఇంకా ఆందోళన పడాల్సిన విషయం, అది నోటిఫికేషన్లు చదివే అనుమతి అడిగింది. ఆ అనుమతి ఇస్తే నోటిఫికేషన్లలో కనపడే మెయిల్ మొదటి వాక్యాలు, చాలా ఫోన్లలో ఓటీపీలు కూడా దానికి కనపడతాయి. వారం ఉచితమని మొదలుపెట్టి తర్వాత డబ్బు కోసేసుకుంది కూడా. యాప్ తీసేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ ఆగదు. యాప్ స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్స్ పేజీకి వెళ్లి విడిగా రద్దు చేయాలి. ఆ సంగతి రెండో నెల డబ్బు పోయాక తెలిసింది నాకు.

చివరికి నన్ను గట్టెక్కించింది మా తమ్ముడు. ఫోన్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ చూసి, “అక్కా, నువ్వు అవుట్‌బాక్స్ ఎప్పుడైనా చూశావా?” అన్నాడు. ఇంకా వెళ్లని మెయిల్స్ ఆగి ఉండే చోటు అది. చూడలేదు. పంపిన మెయిల్స్ సెంట్‌లో ఉంటాయి, అవుట్‌బాక్స్‌లో చూసేదేముంటుంది అనుకున్నాను. తెరిస్తే ఒక మెయిల్ ఉంది. ఎప్పుడో ఒక వీడియో అటాచ్ చేసి పంపబోయాను, సైజు 38 ఎంబీ. జీమెయిల్‌లో అటాచ్‌మెంట్ పరిమితి 25 ఎంబీ. చాలా మెయిల్ సర్వీసుల పరిమితి కూడా దాని చుట్టుపక్కలే ఉంటుంది. అది వెళ్లదు, వెళ్లలేదు. కానీ ఈ మెయిల్ యాప్ ఆ మాట నాకు చెప్పకుండా, సింక్ అయిన ప్రతిసారీ ఆ వీడియోని పైకి ఎక్కించడానికి ప్రయత్నిస్తూనే ఉంది. దాని పక్కన చిన్న బూడిదరంగు గుండ్రం తిరుగుతూ ఉంది, ఇప్పటికీ కళ్లముందు కనపడుతోంది. సింక్ 5 నిమిషాలకి పెట్టడంతో ఆ పని కూడా 5 నిమిషాలకోసారి అయింది. ఫోన్ వెచ్చబడింది అందుకే. ఆ మెయిల్ డిలీట్ చేసిన సాయంత్రం నుంచి వేడి లేదు.

వాడు ఇంకొకటి కూడా పట్టుకున్నాడు. మూడు అకౌంట్లలో ఒకటి పాత ఆఫీసుది. పాస్‌వర్డ్ ఎప్పుడో మారిపోయింది. అది లాగిన్ అవ్వలేక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోంది. అది తీసేశాం.

ఇప్పుడు నా ఫోన్‌లో ఎలా పెట్టుకున్నానో చెబుతాను. ముఖ్యమైన అకౌంట్ ఒక్కటే పుష్. పుష్ అంటే మెయిల్ వచ్చినప్పుడు సర్వరే ఫోన్‌కి కబురు పంపుతుంది, ఫోన్ వెళ్లి అడగక్కర్లేదు. పుష్ బ్యాటరీ తినేస్తుందని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకునేదాన్ని. మెయిల్స్ నిమిషానికొకటి వచ్చి పడే అకౌంట్‌కి ఆ మాట నిజమే. రోజుకి పది ఇరవై వచ్చే అకౌంట్‌కైతే 5 నిమిషాలకోసారి అడిగిరావడం కంటే పుష్ ఎంతో నయం. జీమెయిల్ యాప్‌లాంటివి ఫోన్లోని యాప్‌లన్నిటికీ ఉమ్మడిగా ఉండే ఒకే నోటిఫికేషన్ కనెక్షన్ వాడుకుంటాయి, కాబట్టి అదనపు భారం తక్కువ. రెండో అకౌంట్‌కి షాపింగ్ మెయిల్స్, బిల్లులు వస్తాయి. దానికి గంటకోసారి సింక్. కొన్ని మెయిల్ యాప్‌లలో పీక్ షెడ్యూల్ అని ఉంటుంది. పగలు పని గంటల్లో ఒక రకంగా, రాత్రి ఇంకో రకంగా పెట్టుకోవచ్చు. రాత్రి 11 నుంచి పొద్దున 6 దాకా నేను రెండో అకౌంట్ సింక్ పూర్తిగా ఆపేశాను. ఇలా ఇప్పుడు ఒకటిన్నర రోజు వస్తోంది. రెండు రోజులు రావడం లేదు, కానీ మెయిల్ వస్తోంది. నాకు అది చాలు.

ఐఫోన్ వాడేవాళ్లకి కూడా ఒక మాట. సెట్టింగ్స్‌లో మెయిల్ అకౌంట్స్ కింద ఫెచ్ న్యూ డేటా అని ఉంటుంది. అందులో ఆటోమేటిక్ అని ఉంటే అంతా దానంతటదే వచ్చేస్తుందనుకోకండి. ఫోన్ ఛార్జింగ్‌లో ఉండి, వైఫైలో ఉన్నప్పుడే అది వెనకాల మెయిల్ తెస్తుంది. ఫోన్‌తో వచ్చే ఆ మెయిల్ యాప్‌లో మామూలు జీమెయిల్ అకౌంట్ పెట్టుకుంటే పుష్ ఉండదు, ఫెచ్ మాత్రమే, అంటే ఫోనే వెళ్లి అడిగి తెచ్చుకోవాలి. బ్యాటరీ పొదుపు చేసే లో పవర్ మోడ్ ఆన్ చేస్తే ఆ ఫెచ్ కూడా ఆగిపోవచ్చు. బ్యాటరీ గుర్తు పసుపు రంగులో కనపడితే ఆ మోడ్ ఆన్‌లో ఉన్నట్టు.

కొనేవాళ్లకి నేను బతిమాలి చెప్పేది ఒకటే. ఫోన్ రాగానే, రిటర్న్ గడువు ఉండగానే ఈ పరీక్ష చేయండి. మెయిల్ అకౌంట్ పెట్టుకుని, యాప్‌ను ఒకసారి తెరిచి మూసేయండి. ఛార్జర్ తీసేయండి. వైఫై ఆపి మొబైల్ డేటా మీద ఉంచండి. ఫోన్‌ను కదలకుండా టేబుల్ మీద పెట్టి రెండు గంటలు ముట్టుకోకండి. ఆ తర్వాత కూడా దాన్ని తాకకుండా, వేరే ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో మీకు మీరే ఒక మెయిల్ పంపుకుని టైము రాసుకోండి. మోగిందా, ఎన్ని నిమిషాలకి మోగింది చూడండి. తర్వాత రీసెంట్స్‌లోంచి యాప్‌ను తోసేసి ఇంకోసారి. రాత్రి పడుకునేముందు, పొద్దున ఆరింటికి ఒక మెయిల్ వెళ్లేలా షెడ్యూల్ చేసి మరోసారి. మూడింట్లో ఏదైనా తప్పితే ముందు ఆ యాప్ బ్యాటరీ సెట్టింగ్ మార్చి చూడండి. అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టినా, ఆటోస్టార్ట్ (యాప్ దానంతటదే లేవడానికి అనుమతి) అనే స్విచ్ ఉంటే అది ఆన్ చేసినా మెయిల్ రాకపోతే ఆ ఫోన్ మీకు పనికిరాదు, వెనక్కి ఇచ్చేయండి. మెయిల్ సరిగ్గా వచ్చేలా పెట్టాక బ్యాటరీ ఎంత వస్తుందో, అదే ఆ ఫోన్ అసలు బ్యాటరీ. పెట్టె మీది అంకె కాదు.

గడువు విషయంలో కూడా జాగ్రత్త. నాకు అమ్మినవాళ్లు గడువును డెలివరీ అయిన రోజు నుంచి లెక్కపెట్టారు, పెట్టె తెరిచిన రోజు నుంచి కాదు. నేను మంచిరోజు చూసి తెరుద్దామని మూడు రోజులు ఆ పెట్టెను అలాగే అల్మారాలో పెట్టాను.