కొత్త టైరా, రీబటనా? చీమకుర్తి రాయికి ఒక లెక్క, బుచ్చి బురదకు మరో లెక్క

ఎడగారు వరి పంటకు దమ్ము చేసే ముందు బావమరిది ఫోన్ చేశాడు. "బావా, ట్రాక్టరు వెనక టైర్లు గుండైపోయాయి. కొత్తవి వేయమంటారా, రబ్బరు ఎక్కించమంటారా?" వాళ్లది బుచ్చిరెడ్డిపాళెం పక్క పల్లె, పెన్న నీళ్ల కింద వరి. నాది చీమకుర్తి. ఒక టిప్పరు, ఒక జేసీబీ, కొండ దారుల్లో తిరగడానికి ఒక పాత జీపు ఉన్నాయి. టైర్ల మీద నేను తగలేసిన డబ్బుతో ఈపాటికి ఒంగోలులో ఇంటి స్థలం వచ్చేది. అందుకే చుట్టాల్లో ఈ విషయానికి నేనే పెద్దమనిషిని. ఏమీ చూడకుండానే "రబ్బరు ఎక్కించు" అనేశాను. పది రోజుల తరువాత వాళ్ల ఊరు వెళ్లి టైరు చూశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

పైనుంచి చూస్తే అది అరిగిపోయిన టైరే. బటన్లు, అంటే టైరు మీది రబ్బరు మిట్టలు, నడిమధ్య నున్నగా, అంచుల్లో మాత్రం కాస్త ఎత్తుగా ఉన్నాయి. మిల్లుకు ధాన్యం తోలుతూ తారు రోడ్డు మీద అరగదీసిన గుర్తు అది. పక్కకు వంగి చూస్తే బటన్ల మొదళ్ల దగ్గర, సైడు మీద సన్నటి పగుళ్లు, ఎండిన చెరువు అడుగులా. గోరు పెడితే దిగింది. మట్టి తుడిచి చూస్తే నాలుగంకెలు కనిపించాయి: 1814. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. అంటే 2014లో 18వ వారంలో తయారైన టైరు. పదేళ్లు దాటి ఎండలో, ఎరువుల నీళ్లలో నానిన రబ్బరు. దాని మీద కొత్త రబ్బరు ఎక్కించడమంటే చెదలు తిన్న దూలం మీద కొత్త పెంకులు కప్పడమే.

అప్పటినుంచి ఎవరు అడిగినా నా మొదటి ప్రశ్న ఒకటే: నీ టైరు దేనివల్ల పోతోంది? అరిగి పోతోందా, తెగి పోతోందా, ముసలిదై పోతోందా? కొత్తదా పాతదా అన్న వాదన ఆ తరువాతి సంగతి. రీట్రెడ్, అంటే ఈ రబ్బరు ఎక్కించడం, బాగు చేసేది అరుగుదల ఒక్కదాన్నే. టైరు లోపల తెగిన దారాన్ని అది అతకదు, ముసలితనాన్ని తిప్పదు.

రీట్రెడ్ అంటే మా వైపు రీబటన్ అంటారు, కొందరు రబ్బరు ఎక్కించడం అంటారు. పాత టైరు పైపొరను గీకేసి, లోపలి గట్టి ఒళ్లు, అంటే కేసింగ్, అలాగే ఉంచి దాని మీద కొత్త పొర వేస్తారు. ఇందులో రెండు రకాలు. వేడి పద్ధతిలో పచ్చి రబ్బరు చుట్టి అచ్చులో పెట్టి 150 డిగ్రీల దగ్గర ఉడికిస్తారు. బటన్లు ఆ అచ్చులోనే పోసుకుంటాయి. చల్ల పద్ధతిలో బటన్లతో సహా ముందే ఉడికిన పట్టీని తెచ్చి, మధ్యలో జిగురు రబ్బరు పొర వేసి అతికిస్తారు. ఆ పైన టైరును రబ్బరు సంచిలో బిగించి, చాంబర్‌లో 100 డిగ్రీలకు కాస్త అటు ఇటుగా కొన్ని గంటలు ఉంచుతారు. పేరుకు చల్లదే కానీ చేయి పెట్టలేం. వేడి తక్కువ కాబట్టి కేసింగ్ మీద దెబ్బ తక్కువ. టిప్పరు టైర్లకు నేను చల్ల పద్ధతే అడుగుతాను. ట్రాక్టరు వెనక చక్రాలకు ఉండే ఆ ఎత్తైన వంకర బటన్లకు మాత్రం అచ్చు పద్ధతే ఎక్కువగా నడుస్తుంది.

రీట్రెడ్ అనగానే ముఖం చిట్లించేవాళ్లకు ఒక మాట. విమానాల టైర్లకు కూడా ఇలా పొర మార్చి మళ్లీ మళ్లీ వాడతారు. తేడా అంతా కేసింగ్‌ను ఎవరు చూశారు, ఎలా చూశారు అన్నదాంట్లో ఉంది.

ఆ చూడటం ఎలా ఉంటుందో ఒంగోలులో ఒక షాపులో దగ్గర కూర్చుని చూశాను. పెద్దాయన టైరును నిలబెట్టి, పక్కలు విడదీసి, లోపల ఎలక్ట్రిక్ బల్బు పెట్టాడు. తరువాత కళ్లు మూసుకున్నాడు! అరచేయి లోపలి గోడ మీద మెల్లగా జరుపుతూ ఒక చుట్టు పూర్తి చేశాడు. చేయి ఆగిన చోటల్లా సుద్దముక్కతో సున్నా చుట్టాడు. అలా మొత్తం ఏడు సున్నాలు పడ్డాయి. మూడు మేకు రంధ్రాలు, రెండు పాత మాసికలు, ఒకచోట లోపలి దారం తెగి ఉబ్బు. ఏడోది బీడు, అంటే రిమ్ముకు పట్టే అంచు, దగ్గర, తీగ బయటికి పొడుచుకొచ్చి ఉంది. "ఇది పనికిరాదు, తీసుకుపోండి" అన్నాడు. వచ్చిన బేరాన్ని వద్దన్న ఆ మనిషి దగ్గరికే ఇప్పటికీ వెళుతున్నాను. ఏ టైరు తెచ్చినా సరేననే షాపును చూస్తే నాకు భయం.

ఆయన దగ్గర నేర్చుకున్న ఇంకో సంగతి తడి గురించి. మేకు రంధ్రంలోంచి నీళ్లు దిగి లోపలి నైలాన్ దారంలో నిలిచిపోతాయి. బయటికి టైరు పొడిగానే ఉంటుంది. చాంబర్‌లో వేడి తగలగానే ఆ తడి ఆవిరై పొరల మధ్య బుడగలా లేస్తుంది. అక్కడినుంచే పట్టీ ఊడటం మొదలవుతుంది. వరి పొలంలో నానిన టైరును, వానలో ఆరుబయట పడేసిన టైరును అలాగే తీసుకుపోయి రబ్బరు ఎక్కించకూడదు. నీడలో బాగా ఆరనివ్వాలి. గుండు అయ్యేదాకా ఆగకూడదు కూడా. దారం బయటపడ్డాక తెస్తే గీకడానికి రబ్బరు మిగలదు. కాస్త బటన్ ఉండగానే విప్పాలి.

ఇక చీమకుర్తి లెక్క. ఇక్కడి బ్లాక్ గెలాక్సీ రాయిలో బంగారు చుక్కలు మెరుస్తాయని ప్రపంచమంతా ముచ్చటపడుతుంది. టైరుకు ఆ ముచ్చట లేదు. క్వారీ దారిలో పడి ఉండే వేస్టు రాయి అంచు గొడ్డలి అంచే. ఇక్కడ టైర్లు అరిగి పోయేవి తక్కువ, తెగి పోయేవి ఎక్కువ. అలాంటప్పుడు ఏది మేలు?

ఒక ఊహ లెక్క వేద్దాం. కొత్త టైరు వంద రూపాయలు, అదే టైరుకు రబ్బరు ఎక్కిస్తే నలభై అనుకోండి. మామూలుగా రీట్రెడ్ ఖర్చు కొత్తదానిలో మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుంది. మంచి రోడ్డు మీద కొత్తది వంద రోజులు, రీట్రెడ్ ఎనభై రోజులు నడిస్తే రోజుకు కొత్తదానికి రూపాయి, రీట్రెడ్‌కు అర్ధ రూపాయి పడుతుంది. క్వారీలో రెండూ యాభైయవ రోజున రాయికి తెగాయనుకోండి. కొత్తదానికి రోజుకు రెండు రూపాయలు, రీట్రెడ్‌కు ఎనభై పైసలు. తెగడం ఖాయమైనప్పుడు ఖరీదైనది తెగడం కంటే చవకది తెగడమే నయం. ఈ లెక్క చూసే నేను టిప్పరు వెనక చక్రాలకు రీట్రెడ్ మొదలుపెట్టాను.

లెక్కలో ఒక బొక్క ఉందని తరువాత తెలిసింది. రబ్బరు ఎక్కించాలంటే ముందు తెగని కేసింగ్ ఉండాలి. సైడు తెగిన టైరు దానికి పనికిరాదు కదా. పది టైర్లలో నాలుగు సైడు తెగి పోతే రీట్రెడ్‌కు మిగిలేవి ఆరే. తక్కువపడిన వాటికి షాపులో సిద్ధంగా ఉన్న రీట్రెడ్ టైర్లు, అంటే ఎవరిదో కేసింగ్ మీద వేసినవి, కొన్నాను. ఆ కేసింగ్ ఎంత బరువు మోసిందో, ఎన్నిసార్లు గాలి లేకుండా పరుగెత్తిందో మనకు తెలియదు. నల్ల రంగు పూసి మెరిపిస్తే అన్నీ కొత్త పెళ్లికొడుకులే. అలా కొన్న జతలో ఒకటి మే నెల మధ్యాహ్నం పొదిలి దారిలో పట్టీ ఊడదీసింది. ఊడిన పట్టీ చక్రంతో పాటు తిరుగుతూ మడ్‌గార్డును కొట్టి వంచేసి, బ్రేకు గాలి పైపును తాకింది. వెనక మోటారు సైకిలు ఎవరూ లేకపోవడం నా అదృష్టం. షాపుకు వెళితే "మీరు ఓవర్‌లోడ్ వేసి ఉంటారు" అన్నారు. బిల్లు అడిగి తీసుకోలేదు కాబట్టి నోరు మూసుకుని వచ్చాను. నిజం చెప్పాలంటే గాలి చూసుకోకపోవడంలో నా తప్పు కూడా ఉంది. గాలి తక్కువైతే టైరు మడతపడుతూ వేడెక్కుతుంది. మన ఎండలకు ఆ వేడి తోడైతే ఏ జిగురు నిలుస్తుంది?

కాబట్టి టిప్పరు విషయంలో ఇప్పుడు నా పద్ధతి ఇది. ముందు రెండు చక్రాలకు కొత్తవే. స్టీరింగు చక్రం మీద పొదుపు చేయను, ఎవరు చెప్పినా వినను. ముందు కొంత అరిగాక వాటిని వెనక్కి మారుస్తాను, అక్కడ ఇంకాస్త అరిగాక రబ్బరు ఎక్కిస్తాను. అంటే రీట్రెడ్ అయ్యే ప్రతి కేసింగ్ పుట్టినప్పటినుంచీ నా కళ్ల ముందు ఉన్నదే. జంట చక్రాల్లో మాత్రం ఒక జాగ్రత్త. పక్కపక్కన ఉండే రెండు టైర్ల ఎత్తు సమానంగా ఉండాలి. ఒకటి ఎత్తైతే బరువంతా దాని మీదే పడుతుంది, పొట్టిది నేలను ఈడ్చుకుంటూ అరుగుతుంది. అందుకే రీట్రెడ్‌ను జతగానే వేయిస్తాను.

జేసీబీకి వెనక పెద్ద టైర్లు రీట్రెడ్ హాయిగా సరిపోతాయి. వేగం లేదు, కాబట్టి వేడి లేదు. బకెట్ బరువు మోసే ముందు చిన్న టైర్లు కొత్తవి. అంతకంటే చెప్పుకోవలసింది లేదు.

జీపు దగ్గర నేను కుర్రవాళ్లతో విభేదిస్తాను. వెలిగొండల కింద రాళ్ల బాటల్లో, దోర్నాల వైపు తిరగడానికి ముతక బటన్ల రీట్రెడ్ వేయిస్తే దర్జాగా ఉంటుందని వాళ్ల మోజు. పట్టు బాగానే ఉంటుంది. కానీ ఆ జీపు రాళ్లలో గంట తిరగడానికి జాతీయ రహదారి మీద రెండు గంటలు పరుగెత్తి వెళుతుంది. ఆ వేగం దగ్గరే నాకు రీట్రెడ్ మీద నమ్మకం సడలుతుంది. పైగా నాలుగు చక్రాలూ లాగే బండికి నాలుగు టైర్ల చుట్టుకొలత ఒకటిగా ఉండాలి. రెండు కొత్త బటన్లు, రెండు అరిగినవి వేసి గట్టి నేల మీద ఫోర్ వీల్ వేస్తే టైర్లు ఒకదానితో ఒకటి పెనుగులాడి గేర్లను నలిపేస్తాయి. చిన్న సైజు టైరుకు కొత్తదానికీ రీట్రెడ్‌కూ ధర తేడా కూడా అంతగా ఉండదు. జీపుకు కొత్తవే. తోట గట్టు దాటని పాత జీపైతే మీ ఇష్టం.

సెకండ్ హ్యాండ్ టైర్ల గురించి ఒక్క మాటే: గుండు టైరు మీద వేడి కత్తితో కొత్తగా గాట్లు కోసి అమ్మేవి ఉంటాయి. గాడి అడుగున దారం కనిపిస్తే అది టైరు కాదు, ప్రమాదం.

మళ్లీ బుచ్చికి వద్దాం. వరి పొలంలో టైరును తెంచే రాయి లేదు. దమ్ములో పట్టు ఇచ్చేది ఇనుప చక్రాలు, టైరు కాదు. బటన్లు అరిగేది తారు రోడ్డు మీద, పొలంలో కాదు. ఏడాదిలో సగం రోజులు ట్రాక్టరు చెట్టు కింద నిలబడే ఉంటుంది. కాబట్టి అక్కడ టైరు ముందు ముసలిదవుతుంది, తరువాత గుండవుతుంది. నాలుగైదేళ్లలోనే అరగదీసేంత కిరాయి పని ఉన్నవాళ్లకు రీట్రెడ్ లాభం. మా బావమరిదిలా సొంత పొలానికే వాడేవాళ్లకు బటన్ అరిగేసరికి కేసింగ్ మిగలదు. పన్ను సంగతి కూడా మారింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరు టైర్ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. లారీ, జీపు టైర్లకు 28 నుంచి 18కి దిగింది. కొత్తదానికీ రీట్రెడ్‌కూ మధ్య ఉన్న దూరం ట్రాక్టరు వాళ్లకు అంతమేరకు దగ్గరపడింది. పాత ధరలు మనసులో పెట్టుకుని "కొత్తది కొనలేం" అనేవాళ్లు ఒకసారి మళ్లీ అడిగి చూడాలి.

ఫోర్ వీల్ ట్రాక్టరు ఉన్నవాళ్లు ఇంకొకటి గమనించాలి. దాని ముందు చక్రాలు వెనక వాటికంటే రవ్వంత ఎక్కువ తిరిగేలా, సుమారు 1 నుంచి 5 శాతం, గేర్లు అమర్చి ఉంటాయి. వెనక టైర్లకు ఎత్తైన కొత్త బటన్లు ఎక్కించి ముందు గుండువి ఉంచేస్తే ఆ లెక్క తలకిందులవుతుంది. ముందు ఇరుసు లాగడం మాని వెనక చక్రాల తోపుకు లోనవుతుంది. ముందువీ వెనకవీ కలిపి చూసుకోవాలి.

రీట్రెడ్‌కు నిజంగా పుట్టిల్లు ట్రక్కు, అంటే ట్రాక్టరు వెనక తగిలించే పెట్టె. దానికి స్టీరింగు లేదు, లాగే పని లేదు, వేగం అసలే లేదు. టంగుటూరు వేలం కేంద్రానికి పొగాకు బేళ్లు తోలినా, మిల్లుకు ధాన్యం తోలినా అది తారు రోడ్డు మీద నిదానంగా అరుగుతుంది, అంతే. మనకు కావలసింది అలా నెమ్మదిగా అరిగే టైరే.

చివరికి బావమరిది ట్రాక్టరు వెనకకు కొత్త 13.6-28 సైజు జత వేయించాడు. ట్రక్కు టైర్లు విప్పి, వారం పాటు కొట్టంలో ఆరబెట్టి, ఒంగోలు పెద్దాయన దగ్గరికి తెచ్చాడు. నాలుగింట్లో మూడు పాసయ్యాయి. 1814 జతను పాత టైర్ల వ్యాపారి అప్పటికే బేరం అడిగాడట. "ఇవ్వకు, ఎవరో గాట్లు కోసి ఇంకెవరికో అంటగడతారు" అన్నాను. అప్పటికప్పుడు రంపం తెచ్చి ఒకదాన్ని చుట్టూ అడ్డంగా కోయించాడు. కింది సగం ఇప్పుడు వాళ్ల గేదెలకు కుడితి తొట్టి. రెండోది ఇంకా చెట్టు కిందే ఉంది, మొన్న వెళ్లినప్పుడు అందులో కోడి పొదిగి కూర్చుంది.