పాత పరుగా, పొద్దుటి పరుగా?

హైదరాబాద్ మలక్‌పేటలో గుర్రప్పందెం రోజు కార్డు (ఆనాటి పందేలు, గుర్రాల జాబితా) చేతికి రాగానే, గెలిచే గుర్రాన్ని ఊహించడానికి రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, గుర్రం గత పందేల చరిత్ర. రెండోది, ఆ వారం ఉదయాల్లో అది చేసిన సాధన పరుగు.

హ్యాండిక్యాప్ పందెమైతే (అంటే గుర్రం సత్తాకు ఇచ్చిన రేటింగును బట్టి మోయాల్సిన బరువు నిర్ణయించే పందెం) నేను చరిత్ర వైపే. అయితే ఎన్నోస్థానంలో వచ్చిందని మాత్రమే చూస్తే మోసపోతాం. గెలిచిన గుర్రానికి రేటింగు పెరుగుతుంది, తర్వాతి పందెంలో వీపు మీద బరువూ పెరుగుతుంది. మొన్న 54 కిలోలతో గెలిచింది ఈసారి 59 కిలోలు మోయాలంటే ఆలోచించాలి. 1200 మీటర్లలో మెరుపులా దూసుకెళ్లినది 2000 మీటర్లలో చివర చతికిలపడవచ్చు కూడా.

సాధన పరుగు గుట్టు వేరు. 600 మీటర్లు 45 సెకన్లని పత్రికలో చూసి మురిసిపోతాం. కానీ వీపు మీద ఉన్నది ఎవరు, ఎంత బరువు? హాయిగా పరుగెత్తిందా, తరిమితే పరుగెత్తిందా? అంకె ఒక్కటే ఇవి చెప్పదు. (శిక్షకులు తమ గుట్టు ఊరికే విప్పరు కదా!) మొదటిసారి బరిలోకి దిగే పిల్ల గుర్రాలకు మాత్రం గత పందేల చరిత్రే ఉండదు. అక్కడ పొద్దుటి పరుగునే నమ్ముతాను, అదీ సగమే.