ఇంట్లో ఫోటో ప్రింటర్: కార్ట్రిడ్జా, ట్యాంకా, లేక విడివిడిగా రెండు మెషీన్లా?

వైఫై ఉన్న ఆల్ ఇన్ వన్ (ప్రింటు, స్కాన్, జిరాక్సు మూడూ చేసే) ఫోటో ప్రింటర్ ఏది కొనమంటావ్ అని ఎవరైనా అడిగితే నాది ఒకటే ఎదురు ప్రశ్న: కొన్నాక దాన్ని వరసగా ఎన్ని రోజులు ముట్టుకోకుండా వదిలేస్తారు? చాలామంది ఈ ప్రశ్న విని నవ్వుతారు, డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు) ఎంతో చెప్పు, స్పీడెంతో చెప్పు అంటారు. కానీ నాకు తెలిసి ఇళ్ళల్లో ప్రింటర్లు వాడి వాడి పాడైనవి తక్కువ, వాడక పాడైనవే ఎక్కువ.

నా మొదటిది కార్ట్రిడ్జిల ప్రింటరే. ఏ రంగుకి ఆ రంగు విడిగా నాలుగు కార్ట్రిడ్జిలు, ఇంకు చిమ్మే భాగం, అదే హెడ్, మాత్రం ప్రింటర్‌లోనే ఫిక్స్ అయి ఉండే రకం. కొత్తలో ఫోటోలు భలే వచ్చేవి, చూసినోళ్ళు స్టూడియోలో తీయించావా అనేవారు. తర్వాత ఓ రెండు నెలలు దాని జోలికే పోలేదు, ఒకరోజు చెల్లి వాళ్ళ పాప ఫోటో కావాలంటే ప్రింట్ కొట్టా, పిల్ల మొహం పాచి పట్టిన గోడలాగా పచ్చగా వచ్చింది. నాజిల్ చెక్, అంటే ఏ రంగు వస్తోందో గీతలుగా చూపించే పరీక్ష పేజీ, తీస్తే మెజెంటా (ముదురు గులాబీ) గీతల్లో సగం లేవు, మెట్లు విరిగిన నిచ్చెనలా ఉంది. క్లీనింగ్ పెట్టా, మళ్ళీ పెట్టా, మూడోసారి కూడా పెట్టా, అప్పటికి మెజెంటా రాలేదు సరికదా బాగున్న సయాన్ (నీలం), పసుపు కూడా అడుగంటాయి. ఎందుకంటే క్లీనింగ్ అంటే నీళ్ళతో కడగడం కాదు, ఇంకునే హెడ్‌లోంచి బలంగా లాగి లోపలున్న స్పాంజిలోకి వదిలేయడం, అది మామూలుగా అన్ని రంగులకీ కలిపే జరుగుతుంది. అంటే ఒక్క రంగు కోసం నాలుగు రంగులూ తగలేసుకున్నానన్నమాట.

కాబట్టి కార్ట్రిడ్జి ప్రింటర్ల గురించి చెప్పేటప్పుడు అన్నిట్నీ ఒకే గాటన కట్టకూడదు. రెండు రకాలున్నాయి. నాకున్నలాంటిది ఒకటి. రెండోదాంట్లో హెడ్ కార్ట్రిడ్జికే అతికి ఉంటుంది, నలుపుకొకటి, మూడు రంగులకీ కలిపి ఇంకొకటి, మొత్తం రెండే. దీన్ని అందరూ చులకనగా చూస్తారు, ఎందుకంటే మూడింట్లో పసుపు ఒక్కటి అయిపోయినా మిగతా రెండు రంగులతో సహా అవతల పారేయాలి, ఇంకు కూడా కొంచెమే పడుతుంది. నిజమే. కానీ ఎండిపోయిందనుకోండి, కొత్త కార్ట్రిడ్జి వేస్తే కొత్త హెడ్ వచ్చేసినట్టే, ప్రింటర్ బతికిపోతుంది. రెండు మూడు నెలలకోసారి ముట్టుకునేవాళ్ళు ఆల్ ఇన్ వన్నే కావాలని పట్టుబడితే నేనిదే చూపిస్తా. ఒక్కో ఫోటోకి ఖర్చు ఎక్కువే పడుతుంది, కానీ ప్రింటు తీసేదే ఏడాదికి ముప్పై ఫోటోలైతే ఆ లెక్క ఎంతకని తేలుతుంది?

ఇక ట్యాంకుల సంగతి. ఎప్సన్ వాళ్ళు ఎకోట్యాంక్ అంటారు, కెనాన్ వాళ్ళు మెగాట్యాంక్, హెచ్‌పీ వాళ్ళు స్మార్ట్ ట్యాంక్, పేరేదైనా సీసాతో ఇంకు పోసుకోవడమే. ప్రింటర్ కొనేటప్పుడు ఎక్కువ పెట్టాలి, తర్వాత ఇంకు చౌక. నెలకి వందల పేజీలు తీసేవాళ్ళకి ఇది వేరే ఆలోచన లేకుండా మేలు. కానీ డబ్బా మీద ఇన్ని వేల పేజీలు అని రాసి ఉంటే అది ఫోటోల లెక్క అనుకోవద్దు. ఐఎస్ఓ 24711, 24712 అని స్టాండర్డులున్నాయి, వాటి ప్రకారం కొలిచేది మామూలు ఆఫీసు పేజీల్లాంటివి, కాగితంలో చాలా భాగం తెల్లగానే ఉంటుంది. ఫోటో అంటే ఆ చివర్నుంచి ఈ చివరి దాకా రంగే. ఫోటోలకి వేరే స్టాండర్డు ఉంది, ఐఎస్ఓ 29102, ఎక్కడైనా ఆ నంబరుతో ఫోటోల లెక్క ఇస్తే దాన్ని నమ్మండి. ఇంకోటి, మొదటిసారి పోసిన ఇంకులో కొంత ట్యూబులు నిండడానికే పోతుంది, మొదటి సీసా తొందరగా దిగిందని కంగారు పడక్కర్లేదు.

అసలు తేడా నాలుగు రంగుల ట్యాంకుకీ ఆరు రంగుల ట్యాంకుకీ మధ్య ఉంది, షోరూమ్‌లో ఇది ఎవరూ చెప్పరు. నాలుగు రంగుల వాటిలో చాలావాటికి నలుపు పిగ్మెంట్ ఇంకు, అంటే సన్నటి రంగు పొడి కలిసినది, మిగతా మూడూ డై ఇంకులు, అంటే రంగు పూర్తిగా కరిగినవి. పిగ్మెంట్ నలుపు మామూలు కాగితం మీద అక్షరాలకి బ్రహ్మాండంగా ఉంటుంది, తడి తగిలినా అంత తేలిగ్గా చెదరదు. కానీ గ్లాసీ (మెరిసే) ఫోటో పేపర్‌లోకి అది సరిగ్గా ఇంకదు, పైపైనే నిలుస్తుంది, అందుకని గ్లాసీ అని సెట్ చేయగానే ప్రింటర్ ఆ నలుపుని పక్కన పెట్టి సయాన్, మెజెంటా, పసుపు మూడూ కలిపి నలుపు తయారు చేస్తుంది. ఫలితం ఫోటోలో జుట్టు దగ్గర తెలుస్తుంది. ఫ్రెండ్ వాళ్ళింట్లో నాలుగు రంగుల ట్యాంకు ఉంది, నేనిప్పుడు వాడే ఆరు రంగులదాంట్లో అదే ఫోటో తీసి రెండూ కిటికీ దగ్గర పక్కపక్కన పెట్టి చూశాం, వాడిదాంట్లో నల్లటి జుట్టు హెన్నా పెట్టినట్టు గోధుమ రంగు కొడుతోంది, చెవి వెనక నీడలో వెంట్రుకలు విడివిడిగా కనపడక ఒక ముద్దలా ఉంది. బుగ్గల మీద, ఆకాశంలో అయితే పెద్ద తేడా లేదు. ఒకటే ప్రింటు చేతిలో పెట్టి చూపిస్తే బాగుంది అంటారు ఎవరైనా, పక్కన పెడితేనే దొరికిపోతుంది.

ఆరు రంగుల్లో కూడా అన్నీ ఒకటి కాదు. ఎప్సన్ ఈటీ-8500, ఈటీ-8550ల్లో మామూలు నాలుగుకి తోడు ఫోటో బ్లాక్, గ్రే ఉంటాయి, అంటే కాగితాలకి పిగ్మెంట్ నలుపు, ఫోటోలకి వేరే నలుపు. కెనాన్ జీ620లో ఎరుపు, గ్రే అదనం. నలుపు తెలుపు ఫోటోలు ఎక్కువ తీసేవాళ్ళకి గ్రే ఇంకు ఉండటం చాలా ముఖ్యం, అది లేకపోతే బూడిద రంగంతా మూడు రంగుల మిశ్రమంతో రావాలి, ఏ ఒక్కటి కొంచెం అటూ ఇటూ అయినా ఫోటో మొత్తానికి పచ్చ ఛాయో గులాబీ ఛాయో వస్తుంది. పాత కుటుంబ ఫోటోలు స్కాన్ చేసి మళ్ళీ తీసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఈటీ-8550 కొనేవాళ్ళు ఇంకో విషయం చూసుకోవాలి, ప్రింటు ఏ3 కంటే కాస్త పెద్దది దాకా వస్తుంది గానీ స్కానర్ అద్దం మాత్రం ఏ4 సైజే, పెద్ద ఆల్బమ్ పేజీ ఒకేసారి పట్టదు.

ట్యాంకుల్లో అసలు భయం ఏంటంటే హెడ్ ప్రింటర్‌లోనే ఉంటుంది, ఎండితే నా మొదటి ప్రింటర్ కథే మళ్ళీ, పైగా ఈసారి ఖరీదైన మెషీన్‌తో. కొన్ని కెనాన్, హెచ్‌పీ ట్యాంకు మోడళ్ళలో హెడ్‌ని మనమే మార్చుకోవచ్చు, అది కొంత ధైర్యం. అలాగే క్లీనింగ్‌లో పోయిన ఇంకు వెళ్ళే స్పాంజి నిండితే ప్రింటర్ ఆగిపోతుంది, మనమే మార్చుకునే మెయింటెనెన్స్ బాక్స్ ఉన్న మోడల్ అయితే రెండు నిమిషాల పని, లేకపోతే సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగాలి. స్పెసిఫికేషన్లలో ఈ ఒక్క లైను వెతకండి. ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు, అంత పెట్టి ప్రింటర్ కొని ఈ చిన్న డబ్బా సంగతి అడగకుండా వచ్చేస్తాం.

మూడో దారి ఆల్ ఇన్ వన్ అనే మాటనే వదిలేయడం. కాగితాలకి, జిరాక్సులకి, స్కానింగ్‌కి ఒక బ్లాక్ అండ్ వైట్ లేజర్ మల్టీఫంక్షన్, ఫోటోలకి చిన్న డై సబ్లిమేషన్ ప్రింటర్. లేజర్‌లో ఉండేది టోనర్, అంటే పొడి, అది ఎండటమనే ప్రశ్నే లేదు, ఆర్నెల్లు వదిలేసి వచ్చినా మొదటి పేజీ శుభ్రంగా వస్తుంది. డై సబ్‌లో కూడా ద్రవం ఉండదు, రిబ్బన్ మీద రంగుని వేడితో కాగితంలోకి ఎక్కిస్తుంది. కెనాన్ సెల్ఫీ సీపీ1500 లాంటిది పని చేస్తుంటే చూడటమే ఒక సరదా, కాగితం నాలుగుసార్లు బయటికీ లోపలికీ వెళ్తుంది, మొదటిసారి పసుపు దెయ్యంలా, రెండోసారి మెజెంటా పడి ఎర్రగా కాలినట్టు, మూడోసారి సయాన్ పడగానే మనుషులు మామూలు రంగులోకి వచ్చేస్తారు, నాలుగోసారి పైన రక్షణ పూత. బయటికి రాగానే చేత్తో పట్టుకోవచ్చు, నీటి చుక్క పడితే తుడిచేయొచ్చు. రిబ్బనూ పేపరూ కలిపే అమ్ముతారు, 108 కాగితాల సెట్ అంటే 108 ఫోటోలే, ఇంకు లెక్కల గోల లేదు.

దీనికీ లోటుపాట్లున్నాయి. పోస్ట్‌కార్డ్ సైజు దాటదు, ఏ4 ఫోటో కావాలంటే కుదరదు. 300 డీపీఐ మాత్రమే, కానీ చుక్క చుక్కకీ రంగు గాఢత మారుతుంది కాబట్టి కంటికి బాగానే ఆనుతుంది. వాడేసిన రిబ్బన్ లాగి వెలుతురులో చూస్తే మీ ఫోటో నెగెటివ్‌లాగా దాని మీద ఉంటుంది, సర్టిఫికెట్లో ఐడీ కార్డులో తీస్తే చెత్తలో వేసేముందు కత్తిరించండి. ఇంకొకటి మాత్రం గట్టిగా చెప్తా, ఇంక్‌జెట్, అంటే ఇంకు ప్రింటర్ల గ్లాసీ పేపర్ పొరపాటున కూడా లేజర్‌లో పెట్టొద్దు, లోపలి వేడికి ఆ పూత కరిగి రోలర్‌కి అంటుకుంటే మెషీనే పోతుంది.

డీపీఐ మీద పెద్దగా చెప్పేదేం లేదు. 4800, 5760 అని పెద్ద అంకెలు కనపడేవి ఇంకు చుక్కలని ఎంత దగ్గరగా వేయగలదు అని చెప్పేవే, ఫోటోలో ఉండే వివరం కాదు. 4 బై 6 ఫోటోకి 300 లెక్కన 1200 బై 1800 పిక్సెళ్ళు చాలు, అంటే రెండు మెగాపిక్సెళ్ళ పైచిలుకు, ఏ ఫోనైనా దానికి సరిపోతుంది. ప్రింటు మసకగా వచ్చిందంటే సగం సార్లు అది వాట్సాప్ కుదించిన ఫోటో అయి ఉంటుంది, ప్రింటర్‌ని తిట్టి లాభం లేదు. తలలు తెగితే కూడా అంతే, ఫోన్ ఫోటో 4 బై 3 ఆకారం, 4 బై 6 కాగితం 3 బై 2 ఆకారం, బోర్డర్‌లెస్ (చుట్టూ తెల్ల అంచు లేకుండా) అనగానే ఏదో ఒక వైపు కోసేస్తుంది.

స్కానర్ విషయంలో చూడాల్సింది ఒకటే. ఇంటి ఆల్ ఇన్ వన్‌లలో దాదాపు అన్నిట్లో సీఐఎస్ అనే రకం సెన్సార్ ఉంటుంది, అద్దానికి ఆనిన వస్తువే స్పష్టంగా వస్తుంది, లావు పుస్తకం మడత దగ్గర, వంకరపోయిన పాత ఫోటో అంచుల దగ్గర మసకబారుతుంది. పాత ఫోటోని అదే సైజులో తీసుకోవడానికి 300 డీపీఐ చాలు, రెట్టింపు పెద్దది చేయాలంటే 600. నెగెటివ్‌లు మాత్రం వీటితో అవ్వవు, వాటికి పైనుంచి కూడా లైటు వచ్చే స్కానర్ కావాలి.

వైఫై అన్నిట్లోనూ ఉంది, అందరినీ ఏడిపిస్తుంది కూడా. వైఫై 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండుల్లో వస్తుంది, చాలా ప్రింటర్లకి 2.4 మాత్రమే తెలుసు, రౌటర్‌లో రెండు బ్యాండులకీ ఒకటే పేరు పెట్టుకుంటే మొదటిసారి కనెక్ట్ అయ్యేటప్పుడు ప్రింటర్ తడబడుతుంది, అలాంటప్పుడు 5ని కాసేపు ఆపేసి సెటప్ అయ్యాక మళ్ళీ ఆన్ చేస్తే చాలాసార్లు పనైపోతుంది. రోజూ బాగానే ఉండి ఉన్నట్టుండి ఆఫ్‌లైన్ అంటోందంటే రౌటర్ దానికి కొత్త ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబరు) ఇచ్చి ఉండొచ్చు, రౌటర్ సెట్టింగ్స్‌లో ప్రింటర్‌కి ఒక అడ్రస్ రిజర్వ్ చేసేస్తే ఆ గొడవ ఉండదు. కొనేముందు ఐఫోన్ వాళ్ళు ఎయిర్‌ప్రింట్, ఆండ్రాయిడ్ వాళ్ళు మోప్రియా (ఫోన్ నుంచి నేరుగా ప్రింటు ఇచ్చే సదుపాయాలు) ఉందో లేదో చూసుకుంటే ప్రింటు ఇవ్వడానికి కంపెనీ యాప్‌తో పనే పడదు, ఆ యాప్‌ల్లో కొన్ని ప్రింటు కన్నా ముందు అకౌంట్ తెరవమంటాయి.

మా చెల్లి చివరికి మూడో దారి పట్టింది. స్కూలు కాగితాలకి లేజరు, పాప ఫోటోలకి డై సబ్, రెండూ కలిపి ఒక పెద్ద ట్యాంకు ప్రింటర్ కంటే తక్కువ జాగాలోనే సర్దింది. చెల్లికి ఫోటో ప్రింటు తీయాలనిపించేది ఎప్పుడో పండగకో పుట్టినరోజుకో, కాబట్టి అదే కరెక్టు. నాకైతే పెద్ద సైజు ప్రింట్ల పిచ్చి, అందుకని తెలిసి తెలిసి ఆరు రంగుల ట్యాంకే తీసుకున్నా. ఇప్పుడు దాన్ని బటన్‌తోనే ఆపుతా, గోడ స్విచ్ జోలికి ముందు వెళ్ళను, బటన్ నొక్కితేనే హెడ్ మూలకెళ్ళి మూత కింద కూర్చుంటుంది, కరెంటు టప్పున తీసేస్తే మధ్యలో గాలికి ఎండుతూ ఉండిపోతుంది. ప్రతి ఆదివారం ఒక చిన్న కలర్ ఫోటో ప్రింటు తీస్తా, అవసరం ఉన్నా లేకపోయినా. ఫోన్‌లో ఆ రిమైండర్‌కి "మొక్కకి నీళ్ళు" అని పేరు పెట్టుకున్నా, ఇంట్లో ఒక్క మొక్క కూడా లేదు కాబట్టి కన్‌ఫ్యూజన్ లేదు.