జడ్జిని మార్పిద్దామని వెళ్తే, వద్దని చెప్పి పంపారు

మా తమ్ముడి మీద క్రిమినల్ కేసు నడుస్తోంది. బెయిల్ రెండుసార్లు కొట్టేశారు, సాక్షిని క్రాస్ (ఎదురు ప్రశ్నలు) చేస్తుంటే మా లాయర్‌ని జడ్జిగారు మధ్యలో ఆపి అందరి ముందూ విసుక్కున్నారు, దాంతో ఈయన శిక్ష ఎప్పుడో ఖాయం చేసేసుకున్నారని ఇంట్లో అందరం అనుకున్నాం. విచారణ నుంచి తప్పుకోమని ఆయన మీద పిటిషన్ వేద్దామా అని అడగడానికే, వీడియో కాల్‌లో సెకండ్ ఒపీనియన్ ఇచ్చే ఒక లీగల్ సర్వీసులో గంట బుక్ చేశాను. కేసు ఇంకా నడుస్తోంది కాబట్టి ఎవరి పేర్లూ రాయడం లేదు.

కాల్ 20 నిమిషాలు లేటు. ఆ టెన్షన్‌లో అది చాలా పెద్ద సమయం. కానీ మాట్లాడిన లాయర్ మేడమ్ మేం పంపిన ఆర్డర్ కాపీలన్నీ చదివే వచ్చారు, ఏ వాయిదాలో ఏం జరిగిందో నాకన్నా ఆవిడకే బాగా గుర్తుంది. మా గోడంతా విన్నాక ఒక్కటే అడిగారు: "కోర్టు బయట ఆయనకు ఈ కేసుతో గానీ, ఇందులో ఉన్న మనుషులతో గానీ ఏదైనా సంబంధం ఉందా?" నా దగ్గర జవాబు లేదు.

వ్యతిరేకంగా ఆర్డర్ ఇచ్చినంత మాత్రాన పక్షపాతం అయిపోదని చెప్పారు. చిరాకు పడటం, కసురుకోవడం కూడా మామూలుగా సరిపోవని అమెరికా సుప్రీంకోర్టు 1994లోనే చెప్పిందట, ఇక న్యాయంగా చూడటం ఈయన వల్ల కాదు అనిపించేంత ద్వేషం కనిపిస్తే తప్ప. వినగానే కోపం వచ్చింది, మరి మేం పడ్డ బాధ ఏం కావాలి?

అప్పుడు అసలైన కారణం ఎలా ఉంటుందో చెప్పారు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక మేయరే జడ్జిగా కూర్చుని మద్యం కేసులు విచారించేవాడు, దోషి అంటే అతనికి 12 డాలర్లు వచ్చేవి, నిర్దోషి అంటే ఏమీ రాదు. 1927లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. నన్ను బాగా కదిలించింది మాత్రం పెన్సిల్వేనియా కేసు. రోనాల్డ్ కాస్టిల్ ప్రాసిక్యూటర్‌గా ఉన్నప్పుడు ఒక నిందితుడికి మరణశిక్ష అడగడానికి అనుమతిస్తూ సంతకం పెట్టారు, దాదాపు 30 ఏళ్ల తర్వాత అదే మనిషి కేసు వస్తే ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్‌గా ఆయనే కూర్చున్నారు, తప్పుకోమంటే కుదరదన్నారు. 2016లో అమెరికా సుప్రీంకోర్టు 5-3తో అది తప్పని తేల్చింది, బెంచ్‌లో ఆయన ఒక్కరి ఓటు లేకపోయినా ఫలితం మారేది కాదన్న వాదనను కూడా ఒప్పుకోలేదు. తప్పుకోవాలా వద్దా అనేది చాలా చోట్ల ముందుగా ఆ జడ్జే తేల్చడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు, మేడమ్ ఎంత వివరించినా సరే.

మా కేసులో అలాంటిదేమీ లేదని, పిటిషన్ వద్దని సూటిగా చెప్పారు. వేయించి ఉంటే ఆవిడకే ఇంకో ఫీజు వచ్చేది! దాని బదులు, క్రాస్ ఆపించిన ప్రతిసారీ మా అభ్యంతరాన్ని రికార్డు చేయమని అడగండి, రేపు అప్పీల్లో పనికొస్తుంది అన్నారు. నిజంగా ఏదైనా సంబంధం బయటపడితే మాత్రం ఆ రోజే చెప్పాలట, తీర్పు ఎటు వస్తుందో చూసి అప్పుడు తీస్తే ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నారని అడుగుతారు.

రాతపూర్వక అభిప్రాయం మర్నాడు ఇస్తామని మూడు రోజులకు పంపారు, ఈలోపు ఒక వాయిదా గడిచిపోయింది. అమ్మ అడగాలనుకున్నవి అడగకుండానే గంట అయిపోయింది. అందుకే 5కి 4. బుక్ చేసేవాళ్లు ఆర్డర్ కాపీలన్నీ తేదీల వారీగా ముందే పంపండి, ఇంట్లో పెద్దవాళ్ల ప్రశ్నలు కూడా రాసి పెట్టుకోండి.