8×42 బైనాక్యులర్: ఇద్దరం ఒకదానితోనే చూశాం

కంపెనీ పేరు రాయడం లేదు. తిట్టాల్సినవి కొన్ని ఉన్నాయి, పైగా ఈ ధరలో దొరికేవన్నీ ఇంచుమించు ఒకే బాపతు. ఇది 8×42 పోరో ప్రిజం రకం. పాత సినిమాల్లో మిలిటరీవాళ్ళ మెడలో వేలాడుతుండేది చూడండి, మెలిక తిరిగిన గొట్టాలతో, అదే. బరువు ముప్పావు కిలో. కొన్నది నేను కాదు, నా ఫ్రెండు. ఇద్దరం 2020 జనవరి నెలాఖరున బీఎస్ఎన్ఎల్‌లో వీఆర్ఎస్ తీసుకుని ఒకే రోజు బయటికొచ్చాం. వచ్చే డబ్బుతో బంగారం కొనాలా, ఎఫ్‌డీ వేయాలా అని మేమంతా లెక్కలేసుకుంటుంటే ఆవిడ పోయి దీన్ని కొనుక్కొచ్చింది. బయటికొచ్చి రెండు నెలలు తిరక్కుండానే లాక్‌డౌన్. హైదరాబాద్ పక్కన రామచంద్రాపురంలో మా రెండిళ్ళకీ మధ్య ఒక్క గోడే అడ్డం. ఎవరి డాబా మీద వాళ్ళం నిలబడి పిట్టల్ని చూడటం, చూశాక గోడ మీద పెట్టి పక్కకి జరగడం, రెండోవాళ్ళు శానిటైజర్ రాసుకుని తీసుకోవడం. అలా మొదలైంది.

ముందు అంకెల సంగతి. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా కనిపిస్తుందని. ఎనభై మీటర్ల అవతలున్న కొంగ పది మీటర్లలో ఉన్నట్టుంటుంది. 42 అంటే ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. 42ని 8తో భాగిస్తే ఐదుంపావు. అద్దంలోంచి వచ్చే వెలుగు అంత వెడల్పున కంటికి చేరుతుంది. మా వయసులో కంటిపాప మసక చీకట్లో కూడా సాధారణంగా అంతకంటే పెద్దగా విచ్చుకోదు, కాబట్టి 50 మిల్లీమీటర్ల అద్దాలవి మోసుకు తిరిగినా మెడనొప్పి తప్ప మనకి ఒరిగేదేం లేదు. షాపులో 10 రెట్లవి అంటగట్టాలని చూస్తారు. పిట్టతో పాటు మన చేతి వణుకు కూడా పది రెట్లవుతుందని మాత్రం చెప్పరు.

కళ్ళజోడు ఉన్నవాళ్ళకి ఇది కాస్త ఇబ్బందే. కంటి దగ్గరుండే రబ్బరు కప్పు వెనక్కి మడిచినా బొమ్మ చుట్టూ అంచు కనిపించదు. నేను జోడు తీసేసి చూస్తాను. అప్పుడు కుడివైపు కంటి దగ్గరుండే రింగు తిప్పుకోవాలి. రెండు కళ్ళకీ ఉండే తేడాని సరిచేసేది అదే. ఒకరే వాడితే ఒకసారి పెట్టుకుని మరిచిపోవచ్చు. ఇద్దరు వాడితే ప్రతిసారీ యుద్ధమే. తను ప్లస్ వైపు, నేను మైనస్ వైపు. ‘మళ్ల తిప్పినవా?’ ‘నువ్వే తిప్పావు.’ ఈలోగా పిట్ట ఎగిరిపోయేది. చివరికి తనే గోళ్ళరంగు తెచ్చి రింగు మీద రెండు చుక్కలు పెట్టింది. మెరూన్‌ది తనది, గులాబీది నాది. కంపెనీవాళ్ళకి తట్టాల్సిన ఆలోచన.

వాడటం కూడా నాకు తనే నేర్పింది. బైనాక్యులర్ కళ్ళకి పెట్టేసుకుని పిట్ట కోసం చెట్టంతా వెతికేదాన్ని. ‘గట్ల కాదే. ముందు ఉత్త కండ్లతోటి చూడు. పిట్ట మీదికెల్లి కండ్లు తియ్యకుంట దీన్ని పైకి తెచ్చుకో’ అనేది. కరీంనగర్ మనిషి, పాఠం చెప్పినా తిట్టినట్టే ఉండేది. కొత్తగా కొనేవాళ్ళకి ఈ ఒక్క ముక్క మాన్యువల్ మొత్తం కంటే ఎక్కువ పనికొస్తుంది.

దీని అసలు సత్తా తెలియాలంటే అమీన్‌పూర్ చెరువుకి తీసుకెళ్ళాలి. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. ఊళ్ళ మధ్య ఉన్న చెరువుకి ఆ గుర్తింపు రావడం దేశంలో అదే మొదలు. చలికాలంలో వలస పక్షులొస్తాయి, అదృష్టం బాగుంటే ఫ్లెమింగోలు కూడా. మాకు మాత్రం ఇష్టమైంది నలుపు తెలుపు లకుముకి పిట్ట. నీళ్ళ పైన గాలిలో ఒకే చోట నిలబడి రెక్కలు కొట్టుకుంటుంది, ముక్కు నేరుగా కిందికి. ఉత్త కళ్ళకి పిట్టంతా దడదడలాడుతున్నట్టే ఉంటుంది. ఎనిమిది రెట్లలో చూస్తే రెక్కలు, తోక, ఒళ్ళు అన్నీ ఆడుతున్నాయి గానీ తల మాత్రం మేకు కొట్టినట్టు అలాగే ఉంటుంది. ఉన్నట్టుండి నిలువునా నీళ్ళలో పడుతుంది. చేప దొరికినా దొరక్కపోయినా నా ఫ్రెండు ‘శభాష్’ అనేది.

2024 చలికాలంలో అక్కడో తమాషా. చెరువుల కబ్జాలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చి చెరువుల పక్కన ఇళ్ళు కూల్చడం మొదలుపెట్టిన ఏడాది అది. కట్ట మీద ఇద్దరు ఆడవాళ్ళం బైనాక్యులర్, నోట్‌బుక్కు పట్టుకుని అవతలి ఒడ్డుకేసి చూసి ఏదో రాసుకుంటుంటే ఎవరికైనా టెన్షనే కదా. బండి మీద ఒకాయన వచ్చి ‘మేడం, హైడ్రా నుంచా? మాది పట్టా భూమే’ అన్నాడు. నా ఫ్రెండు నవ్వకుండా ‘బాతులు ఎన్నున్నయో లెక్క పెడుతున్నం, వాటికి పట్టా ఉందా?’ అంది. పాపం ఆయన నవ్వాలో వద్దో తెలీక వెళ్ళిపోయాడు.

2025 ఆషాఢంలో తను పోయింది. జబ్బు బయటపడేసరికే చేతులు దాటిపోయింది, దాని గురించి ఇంతకంటే రాయను. కానీ బరువు సంగతి చెప్పాలి, ఇది రివ్యూ కాబట్టి. ఆస్పత్రి గది ఆరో అంతస్తు, కిటికీ అవతల గద్దలు తిరుగుతుండేవి. బైనాక్యులర్ తెమ్మంది, తెచ్చాను. చేతికి సూది, ముప్పావు కిలో ఎత్తలేకపోయింది. నేను పక్కన నిలబడి రెండు చేతులతో పట్టుకున్నాను, రింగు మెరూన్ చుక్కకి తిప్పి. ఫోకస్ చక్రం మాత్రం నన్ను ముట్టుకోనివ్వలేదు. ‘తోక చూడు, కొసకు చీలింది. గద్దనే’ అంది. అది గద్దేనని నాకూ తెలుసు. కాసేపటికి నా భుజాలు లాగేశాయి. పెద్దవాళ్ళకో ఒంట్లో బాగాలేనివాళ్ళకో కొనేట్టయితే దీన్ని వద్దనే చెబుతాను. 8×25లో జేబులో పట్టేవి ఉంటాయి, వెలుగు తక్కువైనా చేతికి తేలిక.

పెద్దకర్మ అయ్యాక వాళ్ళమ్మాయి దీన్ని నా చేతిలో పెట్టి ‘ఆంటీ, మీ దగ్గరే ఉండనీయండి’ అంది. వానాకాలమంతా రెక్సిన్ కేసులోనే ఉంది. నాకూ తీయబుద్ధి కాలేదు. దసరా రోజు తీశాను. ఆ ఏడు దసరా, గాంధీ జయంతి ఒకే రోజు పడ్డాయి. ఊరంతా మటన్ దుకాణాలు మూసేశారన్న దిగులులో ఉంటే నేను కిష్టారెడ్డిపేట వైపు పాలపిట్ట కోసం వెళ్ళాను. పంజరంలో పెట్టి డబ్బులకి చూపించేవాళ్ళంటే తనకి మహా కోపం. 1972 వన్యప్రాణుల రక్షణ చట్టం చెప్పి గుడి ముందరే గొడవ పెట్టుకునేది. ‘పండుగ నాడు పిట్టను మనమే వెతుక్కోవాలె’ అని ఏటా పొలాల వైపు లాక్కెళ్ళేది. కరెంటు తీగ మీద ఒకటి కనిపించింది. అద్దంలో చూస్తే అంతా మసక. కూర్చున్న పాలపిట్ట ఎలాగూ మట్టిరంగుగానే ఉంటుందని సరిపెట్టుకున్నాను, కానీ ఎగిరినప్పుడు రెక్కల నీలం కూడా పాలిపోయి కనిపించింది.

లెన్సు లోపల ఫంగస్. వెలుతురుకి పెట్టి చూస్తే సన్నటి తెల్లటి పోగులు. ఆబిడ్స్‌లో ఒక రిపేరు షాపుకి తీసుకెళ్తే ‘ఇంకొక వానాకాలం ఇట్లనే ఉంటే గ్లాసే ఖరాబ్ అయితుండె అమ్మా’ అన్నాడు. ఫంగస్ అద్దం మీది పూతని తినేస్తుందట. విప్పి శుభ్రం చేసి ఇచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే ప్రతిదీ రెండేసి, పది నిమిషాలకి తలనొప్పి. మళ్ళీ పట్టుకెళ్తే ప్రిజాల స్క్రూలు సవరించి రెండు గొట్టాలూ ఒక చోటికి చూసేలా చేశాడు. మీరూ షాపులోనే నిలబడి దూరంగా ఉన్న ఏ టవరునో చూసి సరే అనిపించుకున్నాకే డబ్బులివ్వండి. పని తెలిసినవాడే, కాదనను. కానీ అడగకుండా స్పిరిట్‌తో రింగు మీది రెండు చుక్కలూ తుడిచేశాడు. ‘మరకలనుకున్నా అమ్మా’ అన్నాడు, అతన్ని ఏమనగలం? నా చుక్క నేను మళ్ళీ పెట్టుకున్నాను. తనది సున్నాకి అవతల రెండో గీత మీద ఉండేది. అదీ పెట్టాను. మెరూన్ దొరకలేదు, ఎరుపు పెట్టాను.

ఇప్పుడు గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెడుతున్నాను. తోలు కేసూ రెక్సిన్ కేసూ మన వానాకాలానికి పనికిరావు, కొన్న రోజే పక్కన పడేయండి. కూడా వచ్చే పట్టీ కూడా సన్నది, మెడ కోసుకుపోతుంది, వెడల్పుది విడిగా కొనుక్కోవాలి.

పదివేల లోపు ధరకి బొమ్మ చాలా బాగుంటుంది, రంగులు ఉన్నవున్నట్టు కనిపిస్తాయి. తడి తగలకూడదన్నందుకు ఒక స్టారు తీసేసి నాలుగిస్తున్నాను. ఇంకో వెయ్యో రెండు వేలో పెట్టగలిగితే లోపల నైట్రోజన్ నింపి సీలు చేసిన వాటర్‌ప్రూఫ్ రకం తీసుకోండి. ఇద్దరు కలిసి తిరిగేట్టయితే మాత్రం చెరొకటి కొనుక్కోండి, మాలా పోట్లాడుకోవడం ఇష్టమైతే తప్ప.