రీకాంబినెంట్ హ్యూమన్ డీహెచ్‌ఓడీహెచ్: కొన్నేళ్లు వాడాక

నిరోధకాల పరీక్షల కోసం కొనే మానవ ఎంజైము డైహైడ్రోఓరొటేట్ డీహైడ్రోజినేజ్ (డీహెచ్‌ఓడీహెచ్) కొత్త బ్యాచ్ రాగానే నేను ముందు చూసేది ట్యూబులోని రంగు. దాని అణువులో ఎఫ్‌ఎంఎన్ అనే పసుపు సహాయక అణువు కుదురుకుని ఉంటేనే ఆ ఎంజైము పనిచేస్తుంది. అలాంటి ప్రోటీన్ గాఢంగా ఉన్నప్పుడు పసుపుగా కనబడుతుంది. ఒకే సరఫరాదారు పంపిన రెండు బ్యాచ్‌లలో ఒకటి మంచి పసుపు, రెండోది దాదాపు నీళ్లే. ప్రోటీన్ పరిమాణం చూపే జెల్ మీద మాత్రం రెండూ 40 కిలోడాల్టన్ల ప్రాంతంలో ఒకే గీత. పనితనంలో తేడా సగానికి సగం!

నిరోధకాల (ఎంజైము పనిని ఆపే రసాయనాల) పరీక్షలు చేసేవారికి ఇది చిన్న విషయం కాదు. పనితనం తక్కువైతే ఎంజైము ఎక్కువ పోయాలి. నిరోధకం ఐసీ50 (పనితనాన్ని సగానికి తగ్గించే గాఢత) ఆ ఎంజైము గాఢతలో సగం కంటే కిందికి దిగదు కాబట్టి, నిజంగా బలమైన అణువులూ మామూలువీ ఒకేలా కనిపిస్తాయి. అందుకే ప్రతి బ్యాచ్‌నూ ఈ ఎంజైముకు బలమైన నిరోధకంగా తెలిసిన బ్రెక్వినార్‌తో సరిచూస్తాను. దాని ఐసీ50 విలువ పదుల నానోమోలార్లలోనే రావాలి. అంతకంటే బలహీనమైన నిరోధకం టెరిఫ్లునమైడ్‌ది మైక్రోమోలార్ దరిదాపుల్లో వస్తుంది. ఈ రెండూ కుదిరాకే అసలు పని మొదలు.

మైటోకాండ్రియా లోపలి పొరలో దిగబడే మొదటి 30 అమైనో ఆమ్లాలను తీసేసి, ఈ ప్రోటీన్‌ను ఈ.కోలై బ్యాక్టీరియాలో తయారుచేస్తారు. అయినా నీళ్లంటే దానికి సరిపడదు. బఫర్‌లో 0.1 శాతం ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్ ఉంచితే రోజంతా నిలకడగా ఉంది, తగ్గిస్తే మసకబారింది. పనితనం తెలియడానికి, ఎంజైము పనిచేసే కొద్దీ డీసీఐపీ అనే రంగు పదార్థపు నీలం రంగు 600 నానోమీటర్ల దగ్గర తగ్గడాన్ని కొలుస్తాం. కొన్ని రసాయనాలు ఎంజైముతో నిమిత్తం లేకుండానే ఆ రంగును పోగొట్టేస్తాయి కనుక, ఎంజైము మార్చే పదార్థమైన డైహైడ్రోఓరొటేట్ వేయని గుంట ప్లేటులో తప్పనిసరి.

చిన్న భాగాలుగా పంచి మైనస్ 80 డిగ్రీల వద్ద దాచినది నెలల తరబడి బాగుంది. ఒకసారి కరిగించినదాన్ని మళ్లీ గడ్డకట్టిస్తే మాత్రం పనికిరాదు. మా హైదరాబాద్ మే నెలలో డ్రై ఐస్ అయిపోయి వచ్చిన పెట్టెను నేను తీసుకోను.

మళ్లీ కొంటానా? తప్పకుండా. మంచి బ్యాచ్ దొరికితే సొంతంగా తయారుచేసుకునే వారాల శ్రమ మిగులుతుంది. కానీ స్వచ్ఛత శాతం చూసి డబ్బు కట్టను. ఆ బ్యాచ్‌కు 280 (ప్రోటీన్), 450 (ఎఫ్‌ఎంఎన్) నానోమీటర్ల వద్ద కాంతి శోషణ నిష్పత్తి ఎంతో ముందుగా అడుగుతాను. సరఫరాదారులు దాన్ని పత్రం మీదే అచ్చువేయాలి.